మాట రాని మా తమ్ముడు - మాట్లాడని మన చదువులు



మన సంఘం కార్యదర్శి హాస్టల్ గదికి వచ్చి, "ఈ ఏడు సంచికకి నువ్వు కూడా ఏదైనా రాయాలి, కొంచెం ఘాటుగా వుండాలి" అన్నాడు. ఘాటుగా రాయడం నాకు చేతకాదు. ప్రతి ఏడాదీ మన సంచికలో నిరుద్యోగం మీద, వరకట్నం మీద, విద్యార్థులు - రాజకీయాల మీద వ్యాసాలు వస్తూనే వున్నాయి. రావలసినవే. నేను మాత్రం నాలుగేళ్ళుగా ఈ క్యాంపస్‌లో ఎవరికీ చెప్పని సంగతి ఒకటి రాస్తున్నాను.

నాకొక తమ్ముడున్నాడు. వాడికి పన్నెండేళ్ళు. వాడు మాట్లాడడు. వాడికి ఆటిజం వుంది.

హాస్టల్లో చేరిన కొత్తలో ఎవరో "మీ ఇంట్లో ఎంతమంది?" అని అడిగితే "ముగ్గురం" అని చెప్పాను. అమ్మ, బాపు, నేను. ఆ తర్వాత ఆ అబద్ధం దిద్దుకోడానికి సందర్భం దొరకలేదు. నిజం చెప్పాలంటే ధైర్యం దొరకలేదు. నలుగురిలో తిరిగి, నాలుగు పుస్తకాలు చదివిన అన్నకే ఇంత సిగ్గుంటే, వూళ్ళో పగలూ రాత్రీ వాడితోనే వుండే మా అమ్మ ఎన్ని మాటలు పడి వుంటుందో మీరే వూహించుకోండి.

వాడు పుట్టినప్పుడు నాకు పదేళ్ళు. చంకనెత్తుకుని వాడంతా తిప్పాను. చక్కని పిల్లవాడు. ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాడు. కావలసిన వస్తువుని వేలితో చూపించేవాడు కాడు, మన చెయ్యి పట్టుకు లాక్కుపోయేవాడు. రెండేళ్ళు నిండినా "అమ్మ రా" అన్న రెండు మాటలు కలవలేదు. ఇవాళ చదువుకున్నాను కాబట్టి చెప్తున్నాను, ఇవన్నీ వెంటనే డాక్టరుకి చూపించవలసిన గుర్తులు. ఆనాడు మాకెవరు చెప్పారు? నాయనమ్మ, "మగపిల్లలకు మాటలు ఆలస్యమే, వాళ్ళ మేనమామ గూడ అయిదేండ్లకు మాట్లాడిండు" అన్నది. వస పోశారు. వసపిట్ట కాలేదు. తాయెత్తు కట్టారు. పట్నంలో చెవుల డాక్టరుకి చూపించారు. చెవులు బాగానే వున్నాయన్నాడు. ఆ మాటకి అందరం సంతోషించి ఇంటికొచ్చాం. చెవులు బాగుంటే మరి పిలిస్తే ఎందుకు తిరగడు అని ఎవరమూ అడగలేదు. ఆటిజం అన్న మాట మా ఇంట్లో మొదటిసారి వినబడేసరికి వాడికి ఆరేళ్ళు. నాలుగేళ్ళు అట్లా పోయినయ్. చిన్నపిల్లల ఎదుగుదలలో నాలుగేళ్ళంటే, మిత్రులారా, మనం డిగ్రీలో పోగొట్టుకునే నాలుగేళ్ళ వంటివి కావు.

పోనీ సర్కారువారి ఏర్పాటు లేదా అంటే, వుంది! 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే పథకం మొదలైంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్ని పరీక్షించాలి. వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాల కొరత, జబ్బులు, ఎదుగుదలలో జాప్యం - ఈ నాలుగూ చూడాలి. అనుమానం వస్తే జిల్లాలోని ప్రారంభ చికిత్సా కేంద్రానికి పంపాలి. కాగితం మీద ఇంతకంటే మంచి పథకం వుండదు. మా వూరికి కూడా ఆ బండి వచ్చింది. ఆనాడు మా తమ్ముడు అంగన్‌వాడీలో లేడు. కొత్త మనుషుల్ని చూస్తే కేకలు పెడతాడని, నలుగురిలో నగుబాటని, సరిగ్గా ఆ రోజే అమ్మ వాణ్ణి ఇంట్లో వుంచుకుంది. వచ్చిన పిల్లల్ని చూశారు, రాసుకున్నారు, వెళ్ళిపోయారు. తప్పు ఎవరిదంటే ఏం చెప్పను? ఎవరి కోసం బండి వచ్చిందో వాడే లోపల గొళ్ళెం వెనక కూర్చున్నాడు. రాని పిల్లవాడి ఇంటికి వెళ్ళి తలుపు తట్టనంత కాలం ఏ లెక్కా సరికాదన్నది నా మొదటి మాట.

ఇక నింద సంగతి. "గ్రహణం నాడు బయట తిరిగినవ్, అందుకే గిట్లయింది" అని మా అమ్మని అన్నవాళ్ళున్నారు. ఇది మన పల్లెటూరి మూఢత్వం అని నవ్వకండి. అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 1943లో 11 మంది పిల్లల గురించి రాసి ఆటిజాన్ని ప్రపంచానికి చూపించాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు అక్కడి పండితులు కూడా తల్లినే ముద్దాయిని చేశారు. తల్లికి ప్రేమ చాలక, మనసు చల్లబడి, బిడ్డ ఇట్లా అయ్యాడన్నారు! బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన కొడుక్కీ ఆటిజమే, 1964లో పుస్తకం రాసి ఆ వాదాన్ని ఎదిరించాడు. 1977లో ఇంగ్లండులో కవల పిల్లల మీద జరిగిన పరిశోధన జన్యువుల పాత్రని బయటపెట్టింది. 1998లో టీకాల వల్ల ఆటిజం వస్తుందని ఇంకొక పుకారు లేచింది. ఆ వ్యాసాన్ని అచ్చేసిన పత్రికే 2010లో దాన్ని వెనక్కి తీసుకుంది. గ్రహణం కాదు, టీకా కాదు, తల్లి తప్పు అసలే కాదు. ఈ మూడు ముక్కలు మనలో ప్రతి ఒక్కరూ తమ వూళ్ళో చెప్పగలిగితే, ఈ వ్యాసం అచ్చు ఖర్చు దండగ కాదనుకుంటాను.

చట్టాల దగ్గరికి వద్దాం. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే వున్నాయి. ఆటిజానికి చోటు లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం దాన్ని పేరు పెట్టి గుర్తించింది. 2016లో పార్లమెంటు చేసిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. ఏడు కాస్తా 21 అయినయ్, అందులో ఆటిజం వుంది. 40 శాతానికి తక్కువ కాని వైకల్యం వున్న పిల్లవాడికి ఆరేళ్ళ నుంచి 18 ఏళ్ళ దాకా దగ్గరి బడిలో గాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. చాలా మంచిది. కాని చూడండి, చదువు హక్కు ఆరేళ్ళకి మొదలవుతుంది. ఆటిజం మాత్రం ఆరేళ్ళ దాకా ఆగదు. ఎప్పుడు సాయం అందితే ఎక్కువ మేలో అప్పుడు ఆ హక్కు ఇంకా పుట్టదు! హక్కు 18కి ముగుస్తుంది. ఆటిజం అప్పుడూ ముగియదు.

ఇప్పుడు నేను మా ఇంట్లో జరిగిన అసలు సంగతి చెప్పాలి. వాడికి ఆటిజం అని తెలిసిన తర్వాత బాపు అప్పు చేసి పట్నంలో ఒక ప్రైవేటు థెరపీ కేంద్రంలో చేర్పించాడు. వారానికి రెండుసార్లు బస్సు. బాపు జిన్నింగు మిల్లులో తెచ్చే జీతంలో సగం దానికే. అక్కడి మేడమ్ మంచిదే, ఓపిక గల మనిషే. కాని మొదటి రోజే ఒక మాట చెప్పింది: "ఇంట్లో రెండు భాషలు వద్దు. అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడండి, లేకపోతే బాబు కన్ఫ్యూజ్ అవుతాడు." చేతికి బొమ్మల కార్డులు ఇచ్చింది. యాపిల్, జీబ్రా, ఇగ్లూ!

మా అమ్మ నాలుగో తరగతి చదివింది. ఇంగ్లీషులో "కమ్", "సిట్", "ఈట్" నేర్చుకుంది. ఆ మూడు మాటలూ అయిపోయాక ఏం మాట్లాడాలో తెలియక వాడితో మాట్లాడడమే మానేసింది. బర్రెకి కుడితి పెడుతూ చెప్పే మాటలు, అన్నం కలుపుతూ చెప్పే కబుర్లు, పడుకోబెడుతూ పాడే పాట, అన్నీ ఆగిపోయినయ్. ఆరు నెలలు! సెలవులకి వెళ్ళి "ఏందమ్మా, ఇల్లింత మూగగుంది?" అంటే అమ్మ అన్నది: "నాకు రాని భాషల నేనెట్ల మాట్లాడుడు కొడుకా? వచ్చిన భాషల మాట్లాడితె వాడు ఖరాబైతడట."

మాటలు రాని పిల్లవాడి ఇంట్లో మాటలు ఆపించడం కంటే పెద్ద అన్యాయం ఇంకేముంటుంది? రెండు భాషలు వినడం వల్ల ఆటిజం వున్న పిల్లలకి నష్టమని పరిశోధనలు చెప్పడం లేదు. చెప్పేవి వేరుగా వున్నాయి: తల్లికి వచ్చిన భాషలో, మనసుపెట్టి, ఎక్కువగా మాట్లాడటమే మేలు. ఐనా మన పట్టణాల్లో ఈ సలహా ఇంకా ఇస్తూనే వున్నారు. ఎందుకంటే ఆ శిక్షణంతా ఇంగ్లీషు పుస్తకాల్లో వుంది, ఆ కార్డులన్నీ ఇంగ్లీషువాళ్ళ వంటింట్లోంచి వచ్చినయ్. మా వాడికి జీబ్రాతో ఏం పని? వాడికి కావలసింది చెంబు, బర్రె, మక్కకంకి, సద్దిగిన్నె, రజాయి.

మా అదృష్టం కొద్దీ మండల కేంద్రంలో భవిత కేంద్రం వుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వ విద్యాశాఖ నడిపేది. అక్కడి టీచరమ్మ ఒకరోజు మా ఇంటికే వచ్చింది. అమ్మ చెప్పిందంతా విని, "అవన్నీ పక్కన పెట్టు అక్కా, నీ మాటల నువ్వు మాట్లాడు" అన్నది. మా ఇంట్లో వస్తువులకే ఫోటోలు తీయించి అట్టలకి అంటించింది. దాహమైతే చెంబు బొమ్మ తెచ్చి ఇవ్వాలి, అంతే. ఇవ్వగానే నీళ్ళియ్యాలి, ఆలస్యం చెయ్యొద్దన్నది. రెండు నెలలు రోజూ చేశారు. ఒక సాయంత్రం ఎవరూ చెప్పకుండా వాడే చెంబు బొమ్మ తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. సినిమాలో లాగా వాడికి మాటలు రాలేదు. ఇవాళ్టికీ రాలేదు. కాని దాహమేసి తల గోడకి కొట్టుకోవడం ఆగిపోయింది. ఆ సాయంత్రం అమ్మ నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నేను హాస్టల్ మేడ మీదికి వెళ్ళి మాట్లాడాను, మీరెవరూ వినకుండా.

ఆ టీచరమ్మ కాంట్రాక్టు మనిషి. ఒక్కరికి ఎన్నో వూళ్ళు, ఎందరో పిల్లలు. నెలకొకసారి వస్తే గొప్ప. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ప్రాథమిక తరగతుల్లో పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని చెప్పింది. 2025 మార్చిలో మళ్ళీ, పోస్టులు ప్రకటించి భర్తీ చెయ్యమని రాష్ట్రాలని ఆదేశించింది. 2018లో వచ్చిన సమగ్ర శిక్షా పథకంలో ఒక్కొక్క పిల్లవాడికి ఏడాదికి 3500 రూపాయల దాకా అని రాసుకున్నారు. భాగించి చూడండి, రోజుకి పది రూపాయలు కూడా కాదు. మన క్యాంటీన్‌లో ఏమొస్తుంది దానికి?

"మామూలు పిల్లలకే పంతుళ్ళు లేరు, వీళ్ళకెక్కడ తెచ్చేది? అంత డబ్బు ఎక్కడిది?" అని మన ఎకనామిక్స్ మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నేనూ ఒక లెక్క అడుగుతాను. మా అమ్మ పత్తి ఏరడంలో మా వాడలో అందరికంటే చురుకైన మనిషి. పదేళ్ళుగా కూలికి పోలేదు. వాణ్ణి ఒంటరిగా వదిలి పోలేదు కాబట్టి. ఆ పదేళ్ళ కూలి ఏ బడ్జెట్టులో రాశారు? ఖర్చు లేదనకండి. ఖర్చు జరుగుతూనే వుంది. దాన్ని ప్రభుత్వం పెట్టుకోవడం లేదు, తల్లులు పెట్టుకుంటున్నారు.

ఇంకొకరు అంటారు: "అటువంటి పిల్లల్ని మామూలు బడిలో కూర్చోబెట్టడం కంటే ప్రత్యేక బడి మేలు కదా?" కొందరికి మేలే. మా వాడికి గంట కొడితే భయం, పిల్లలంతా ఒక్కసారి ఎక్కాలు చదివితే చెవులు మూసుకుంటాడు. బడిలో పేరు రాసి మూల కూర్చోబెడితే అది చదువు కాదు. కాని ప్రత్యేక బడి వంద కిలోమీటర్ల అవతల వుంటే అది బడి కాదు, బహిష్కారం. రెండూ వుండాలి, దగ్గర్లో వుండాలి. పిల్లవాణ్ణి బట్టి తల్లిదండ్రులు ఎంచుకోవాలి. నా దృష్టిలో సేవ అనే దాన్ని భవనాలతో కొలవకూడదు. తల్లి పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి ఇల్లు చేరగలదా లేదా అని కొలవాలి.

సాయం దగ్గర్లో లేని చోట మోసం దగ్గరికొస్తుంది. మాకు కూడా ఒకాయన మూలకణాల చికిత్స చేయిస్తే ఏడాదిలో మాటలొస్తాయని, లక్షల్లో అవుతుందని చెప్పాడు. బాపు వున్న ఎకరం అమ్మడానికి సిద్ధపడ్డాడు. ఆటిజానికి ఆ చికిత్స సిఫారసు చేయదగినది కాదని 2022లో జాతీయ వైద్య కమిషన్ వారి మండలి చెప్పిన మాట నేను చదివి వినిపించాను కాబట్టి ఆ ఎకరం నిలిచింది. చదువు వల్ల నేను మా ఇంటికి చేసిన మేలు ఇప్పటిదాకా అదొక్కటే. చదివి వినిపించే కొడుకు లేని ఇళ్ళ మాటేమిటి?

ఇక మన దగ్గరికి వస్తాను. సర్కారుని తిట్టడం సులభం, నేనూ తిట్టాను. మనమేం చేశాం? 1984లో సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు మారి, మేధో వైకల్యం వున్నవారి సాధికారతకు జాతీయ సంస్థ అయింది. ఆటిజాన్ని మన దేశపు పిల్లల్లో కొలవడానికి 40 అంశాల కొలమానాన్ని తయారుచేసింది అక్కడే. అంతటి సంస్థ రైలెక్కితే చేరగల దూరంలో వుండి కూడా, మన కాలేజీలో డిగ్రీ పూర్తిచేసిన వాళ్ళలో ప్రత్యేక బి.ఎడ్. అనే చదువు వుందని ఎంతమందికి తెలుసు? మాటల చికిత్స నేర్పే చదువు వుందని ఎంతమందికి తెలుసు? అందరం గ్రూప్ పరీక్షల గైడ్లు కొంటున్నాం. కోర్టు పోస్టులివ్వమంటోంది. అవి ఇచ్చిననాడు చేరడానికి అర్హులెవరున్నారు?

అందుకని మూడు మనవులు చేస్తున్నాను.

మొదటిది మన తెలుగు శాఖకి. అయ్యా, ప్రబంధాల మీద పరిశోధనలు జరగనివ్వండి, వద్దనను. ఒక్క ఏడాది విద్యార్థుల చేత మన జిల్లా ఇళ్ళల్లోని మాటలతో బొమ్మల కార్డులు చేయించండి. నూరు మాటలు చాలు. చెంబు, గంప, కట్టె, బర్రె, "ఆకలైతంది", "నొస్తంది", "వద్దు". సైకాలజీ శాఖ, విద్యాశాఖ చెయ్యి కలిపితే అది ఎన్నో ఇళ్ళకి పనికొచ్చే గ్రంథమవుతుంది.

రెండోది ఎన్.ఎస్.ఎస్. మిత్రులకి. ప్రతి చలికాలం వూళ్ళకి వెళ్ళి వీధులు వూడుస్తున్నాం, మొక్కలు నాటి ఫోటోలు దిగుతున్నాం. ఈసారి అంగన్‌వాడీ టీచరుతో కలిసి, పరీక్ష రోజున రాని పిల్లల ఇళ్ళకి వెళదాం. మనం డాక్టర్లం కాదు, ఫలానా జబ్బని చెప్పే హక్కు మనకి లేదు. తలుపు తట్టి, మళ్ళీ బండి ఎప్పుడొస్తుందో చెప్పి, ఆ తల్లి వెంట నడిస్తే చాలు. సర్టిఫికెట్టుకి దరఖాస్తు నింపడం, నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా లక్ష రూపాయల దాకా వుందని చెప్పడం, ఇవి మనకి చేతనైన పనులే.

మూడోది మన సంఘానికి, అధ్యాపకులకి. 2016 చట్టం ఉన్నత విద్యలో వికలాంగులకి ఐదు శాతానికి తగ్గకుండా సీట్లు వుంచమంది. మన కాలేజీలో ఆ సీట్లలో ఆటిజం వున్న విద్యార్థి ఒక్కడైనా వున్నాడా అని అడగండి. ఆటిజం వున్న వాళ్ళంతా మా తమ్ముడిలాగా వుండరు. మాటలొచ్చి, చదువొచ్చి, మనుషుల మధ్య మసలడం మాత్రమే కష్టమైన వాళ్ళు ఎందరో వున్నారు. మనం "తిక్కోడు" అని పేరు పెట్టి ఏడిపించిన వాళ్ళలో అటువంటివాడు లేడని ఎవరు చెప్పగలరు? నేనూ నవ్వినవాణ్ణే. ఇంట్లో తమ్ముణ్ణి పెట్టుకుని ఇక్కడ నవ్వాను. అది రాయకపోతే ఈ వ్యాసానికి విలువ లేదు.

మా అమ్మ ఎప్పుడూ ఒకటే అడుగుతుంది: "మేం పోయినంక వీనికెవలున్నరు కొడుకా?" పద్దెనిమిది దాటాక కలెక్టరు అధ్యక్షతన వుండే స్థానిక కమిటీ ద్వారా సంరక్షకుణ్ణి నియమించుకోవచ్చని చట్టంలో వుంది. ఆ కాగితం మీద నా పేరుంటుంది, అందులో సందేహం లేదు. కాని అమ్మ అడుగుతున్నది కాగితం గురించి కాదు. వూరు వుంటుందా, ఇరుగుపొరుగు వుంటారా, వాడి చెంబు బొమ్మ అర్థమయ్యే మనిషి ఇంకొకరు వుంటారా అని అడుగుతోంది. ఆ ప్రశ్నకి నేనొక్కణ్ణే జవాబు చెప్పలేను.

వచ్చే వార్షికోత్సవానికి వాణ్ణి తీసుకొద్దామనుకుంటున్నాను. సంఘంవారు లౌడ్‌స్పీకరు కాస్త తగ్గిస్తే సంతోషం. వాడు చేతులూపుతూ అటూ ఇటూ తిరుగుతాడు, ఏమీ అనుకోకండి. పలకరిస్తే జవాబియ్యడు, ఐనా పలకరించండి.

మిత్రులారా, ఎవరైనా నన్ను "మీ ఇంట్లో ఎంతమంది?" అని మళ్ళీ అడగండి.

మేం నలుగురం.